ఊరూర వాక్యము చెప్పినవారు



స్మారకోపన్యాసమనగా ఒక మహనీయుని పేరు సభాముఖమున నిలిపి ఆయన చరిత్రమును కీర్తించుట వాడుక. నేటి సభ ఆ వాడుకను కొంత తప్పుచున్నది. ఏలయన, లేఖనమును కంఠస్థము చేసి, పొలము పనులు ముగిసిన రాత్రివేళ లాంతరు చేతబట్టి పల్లెపల్లెకు నడచి చెప్పిన ఉపదేశకులను, బైబిలు స్త్రీలను తలచుకొనుటకు మనమిచ్చట చేరితిమి గాని, వారిలో అనేకుల పేళ్లు ఏ గ్రంథమునను కానరావు. పసుపు ఉడికించి, ఎండబెట్టి, కొమ్ములకు మెరుగుపెట్టు ఈ అదనున పని మాని ఆర్మూరునకు వచ్చిన మీకందరకును నా నమస్కారములు.

తెలుగున బైబిలు చరిత్ర సముద్రతీరమున మొదలైనది. షుల్జ్ అను జర్మను పాదరి మదరాసున నివసించుచు 1732 నాటికి దానిని తెనిగించెను గాని, ఆ కృతి అచ్చునకు నోచుకొనక వ్రాతప్రతిగానే మిగిలెను. పిమ్మట 1805లో క్రాన్, డెగ్రాంజి అను లండను మిషనరీలు విశాఖపట్టణము చేరిరి. వారి కడ ఆనందరాయరు అను బ్రాహ్మణుడు పనిచేసెను. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున ముద్రితములయ్యెను. ఆ దొరలిరువురును అంతకు ముందే, ఒకరు 1809లోను మరియొకరు 1810లోను, కన్నుమూసిరి. గ్రంథమును మనసున దించుకొని, పుట్టుకతో వచ్చిన భాషలో దానిని పలికింపగలిగినవాడు ఆనందరాయరే యగుట స్పష్టము. ఆయనను సహాయకుల వరుసలో కూర్చుండబెట్టిన చరిత్రకారులతో నేను ఏకీభవింపజాలను.

నిజాము రాజ్యమున వెస్లియను మిషను 1879లో అడుగిడెను. మెదకున పాస్నెట్ దొర కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. మన పొరుగుననున్న డిచ్‌పల్లిలో కెర్ దంపతుల కుష్ఠరోగుల ఆసుపత్రి 1915లో ప్రారంభమయ్యెను. ఇవి కంటికి కనబడునవి గనుక అందరును ఎరుగుదురు. కంటికి కనబడనిది ఉపదేశకుని చదువు. రాజభాష ఉర్దూ, తెలుగు బడులు అరుదు, తెలుగువారు తమ భాషకై కూడుకొని నిజామాంధ్ర మహాసభను మెదకు సీమలోని జోగిపేటలో జరుపుకొన్నది 1930లో గాని కాదు. అట్టి కాలమున, అక్షరము దరిచేరనీయబడని మాల మాదిగ వాడలనుండి వచ్చిన యువకుడు, తన వంశమున మొదటి చదువరియై, ముందు తాను కూడబలుకుకొని, పిదప నలుగురకు చెప్పవలసి వచ్చెను. బాప్తిస్మము కోరువారికి ప్రభుప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము, కొన్ని కథలు నోటికి రావలెను. చదువరాని వృద్ధురాలికి వాటిని నేర్పుటకు ఎన్ని రాత్రులు పట్టునో నేర్పినవానికే తెలియును. పురుషుడు అడుగిడజాలని లోగిళ్లలో ఈ పని బైబిలు స్త్రీలది.

నిజాము రాజ్యపు తూర్పుకొననున్న దోర్నకల్లునకు 1912 డిసెంబరున బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు, ఒక పద్ధతి పెట్టెను: క్రొత్తగా బాప్తిస్మము పొందినవాడు తన తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పకయుండిన తనకు కీడు తప్పదను పౌలు మాటను తన మాటగా పలుకవలెను. నేర్చుట ముగిసిన పిదప చెప్పుట యను క్రమమును ఆయన తలక్రిందులు చేసెను. అక్షరము రానివాడు సైతము ఆనాడే బోధకుడు. ఇది సాహసమే, అరకొరగా నేర్చినవాడు అరకొరగా చెప్పడా యని శంకింపవచ్చును. కాని నా విచారమున ఉపదేశకునకు నిజమైన పాఠశాల వినువారి ప్రశ్నలే. మంచి కాపరి కథ గొల్ల కురుమలకు వివరింప నక్కరలేదు. ద్రాక్షతోట కథ చెప్పుటకు ముందు ద్రాక్షతోటనే చెప్పవలెను. విత్తువాని ఉపమానము జొన్న చల్లు రైతు తలయూపి వినును. కొమ్ము నాటు పసుపు రైతు, త్రోవప్రక్కన పడునట్లు విత్తనము చల్లెడి మూర్ఖుడెవడని అడుగును. అడిగినపుడు ఉపదేశకుడు ఇంటికి పోయి ఆ అధ్యాయమును మరల తెరువవలసినదే.

పుస్తకము చేరని చోటికి పాట చేరెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి కీర్తనలు రాగతాళములతో వచ్చినవి గనుక, భజనకు అలవడిన పల్లెలు వాటిని పరాయివిగా తలంపలేదు.

ఈ చదువు ఫలమెట్టిదో నిష్కపటముగా చూచినవారు పి. వై. లూక్, జాన్ కార్మన్. మెదకు సీమలో జంగరాయి చుట్టుపట్ల గ్రామ క్రైస్తవుల జీవితమును పరిశీలించి వారు వ్రాసిన గ్రంథము 1968లో వెలువడెను. ఆదివారము ఆరాధనకు వచ్చినవారే గ్రామదేవత కొలుపునకును పోవుదురని వారు దాచక వ్రాసిరి. కొందరు దీనిని ఉపదేశకుల వైఫల్యమనిరి. నాకట్లు తోచదు. గుడిసెలో గంటసేపు కూర్చుండి చెప్పిపోవు మనిషి, తరతరముల భయములను ఒక్క తరమున తుడిచివేయవలెనని కోరుట, ఏ ప్రసంగపీఠము మీదివారిని గూర్చియు మనము కోరని కోరిక.

1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినది. 1964లో రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల నెలకొని, పిదప హైదరాబాదు చేరినది. పట్టములు పొందిన బోధకులు వచ్చిరి, అది మేలే. నేడు చరవాణిలో వాక్యము వినబడుచున్నది. ప్రశ్న అడిగినచో అది ఇంటికి పోయి మరల చదివి రాదు.

సభ ముగిసిన పిదప ద్వారముకడ ఒక నోటుపుస్తక ముండును. మీ తల్లిదండ్రులో తాతలో ఉపదేశకులై యుండినచో, వారి పేరు, తిరిగిన ఊళ్లు, వారు నేర్పిన పాటల పల్లవులు అందు వ్రాయుడు. వ్రాయుట రానివారు చెప్పినచో వ్రాసికొనుటకు ఇద్దరు యువకులను అచ్చట కూర్చుండబెట్టితిమి.