పరీక్షా శిక్షణము – దాని సద్వినియోగము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది మొదలు పల్లెలలో గ్రంథాలయములు చేసిన సేవను గూర్చి పెద్దలు ముందే ముచ్చటించియున్నారు. నేను మన యిండ్లలో నిత్యము వినబడుచున్న విషయము నొకదానిని ఎత్తుకొందును. పోటీ పరీక్షల శిక్షణకై మన పిల్లలు పట్నములకు పోవుచున్నారు. ఆ శిక్షణమునుండి పూర్తి ఫలమును పొందుట యెట్లు?

ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఒకరింట అరయెకరము కుదువకు పోవుచున్నది. మరియొకరింట తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోవుచున్నది. ఆ సొమ్ముతో కొనుచున్నది పిల్లల యౌవనములోని రెండు మూడు విలువైన సంవత్సరములు. అవి వ్యర్థమైనచో వడ్డీతో గూడ తిరిగి రావు.

నా కథయే చెప్పెదను. యౌవనమున నేనును ఒక పరీక్షకు ఆరు నెలలు శిక్షణ పొందితిని. ఒక్కనాడును తరగతి మానలేదు. ఉపాధ్యాయుడు చెప్పిన ప్రతి మాటను వ్రాసికొంటిని. ఏడు నోటు పుస్తకములు నిండినవి. ఫలితములలో మాత్రము నా సంఖ్య లేదు. మా నాయనగారు సేద్యగాడు, చదువుకొన్నవారు కారు. ఆయన నన్ను తిట్టలేదు. ఆ పుస్తకములను చేతిలోనికి తీసికొని, "ఇదంతా నువ్వు రాసిందేనట్రా?" అని యడిగిరి. ఔనంటిని. "అయితే మూసేసి ఒక్క పేజీ చెప్పు" అనిరి. నేను చెప్పలేకపోతిని. నా తప్పు అక్కడనే తెలిసినది. పాఠము పుస్తకములోనికి ఎక్కినది గాని నాలోనికి ఎక్కలేదు.

మా నాయనగారు పెట్టిన ఆ పరీక్షనే తరువాత శాస్త్రజ్ఞులును పెట్టిరి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అను మనశ్శాస్త్రవేత్తలు విద్యార్థులచే ఒక పాఠమును చదివించిరి. కొందరు దానినే రెండవమారు చదివిరి. కొందరు పాఠమును చూడక, జ్ఞప్తియున్నంత వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా రెండుమార్లు చదివినవారే 100కి 81 పాళ్లు చెప్పిరి. వ్రాసినవారు 75 పాళ్లు చెప్పిరి. వారము దినముల తరువాత అది తలక్రిందులైనది. చదివినవారికి 42 పాళ్లు, చూడక వ్రాసినవారికి 56 పాళ్లు మిగిలినవి. మరల మరల చదువుటవలన 'వచ్చినది' అను భ్రమ కలుగును. పరీక్ష యన్ననో అయిదు నిమిషములకు రాదు, నెలల తరువాత వచ్చును. కావున తరగతి ముగిసిన సాయంకాలమే పుస్తకము మూసి, ఆ దినపు పాఠమును తెల్లకాగితముపై వ్రాయవలెను. తరువాత పుస్తకము తెరచి లోపములను దిద్దుకొనవలెను. మూడు దినములకు నొకమారు, వారమునకు నొకమారు మరల అట్లే చేయవలెను.

రెండవ మాట. శిక్షణాలయమున చేరుటకు ముందే పరీక్ష నియమములను స్వయముగా చదువుడు. సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షను చూడుడు. అందు రెండు పత్రములు, ఒక్కొక్కదానికి 200 మార్కులు. 2015 నుండి రెండవ పత్రములో 100కి 33 పాళ్లు వచ్చిన చాలును. ఆ మార్కులు ఎంపికలో లెక్కకు రావు. అది యెరుగక రెండింటికిని సమముగా కాలము వెచ్చించుట అవివేకము. అట్లని దానిని పూర్తిగా విడుచుటయు ప్రమాదమే. తప్పు జవాబునకు ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు తగ్గింతురు. నాలుగు జవాబులలో ఒకదానిని కన్నులు మూసికొని గుర్తించుచు పోయినచో, నాలుగింట ఒకటి ఒప్పై వచ్చిన మార్కులను మూడు తప్పులు హరించును. లాభము సున్న. రెండు జవాబులు తప్పని నిశ్చయముగా తెలిసినపుడు మిగిలిన రెంటిలో నొకదానిని గుర్తించుట లాభకరము.

మూడవది నమూనా పరీక్ష. మన పిల్లలు మార్కులు చూచి సంతోషించుటయో, దుఃఖించుటయో చేసి కాగితమును మూల బెట్టుదురు. దాని విలువయంతయు తప్పులలోనే కలదు. ప్రతి తప్పును వేరొక పుస్తకములో వ్రాసి, ప్రక్కన కారణము వ్రాయవలెను: తెలియక, మరచి, తొందరపడి. తెలియనిదానికి పాఠము కావలెను. మరచినదానికి పునశ్చరణ కావలెను. తొందరకు గడియారము పెట్టుకొని చేయు అభ్యాసము కావలెను. మూడు రోగములకు ఒకే మందు పనికిరాదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. డబ్బు కట్టుటకు ముందు శిక్షణాలయము వారిని, వ్రాసిన జవాబులను దిద్ది యిత్తురా, సందేహములు తీర్చుటకు వేళ కేటాయింతురా అని యడుగుడు. గోడలపై నంటించిన విజేతల చిత్రములను చూచి మోసపోకుడు. ఎన్ని పర్యాయములు వ్రాయవలెనో, పిదప ఏ వృత్తి చేపట్టవలెనో ముందుగానే పిల్లలతో కూర్చుండి నిర్ణయించుకొనుడు. ఉద్యోగములు కొద్ది, వ్రాయువారు లక్షలు. ఓడినవారు అసమర్థులు కారు. ఇంటికి తిరిగి వచ్చిన బిడ్డను పొరుగువారి బిడ్డతో పోల్చకుడు.

హైదరాబాదు అశోక్‌నగరమున శిక్షణ పొందువారు ప్రక్కనే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు వచ్చి చదువుకొనుట మీలో కొందరు చూచియే యుందురు. తరగతిలో విన్నదానిని తమదిగా చేసికొనుటకు వారికి నిశ్శబ్దమైన యొక బల్ల కావలెను. ఆ బల్ల మన యూరిలోను కలదు. పాత ప్రశ్నపత్రములను యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను తన వెబ్‌సైటులో ఉచితముగానే ఉంచుచున్నది. వాటిని అచ్చు తీయించి, కుట్టించి, ఇచట ఉంచుడని కార్యనిర్వాహకులను కోరుచున్నాను. నలుగురు పిల్లలు కూడి, పుస్తకములు మూసి, ఒకరినొకరు ప్రశ్నించుకొనుటకు రాత్రివేళ ఒక గంట దీపము వెలిగించి యుంచుడు. పట్నమునకు పోలేని బీదపిల్లలకు అదియే శిక్షణాలయము కాగలదు.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈ బల్లయొద్ద చదివి పైకి వచ్చినవారు ఈ వేదికపై నిలిచి మాటలాడుదురు గాక!