24 గంటల నొప్పి – గుర్తించుట ఎట్లు?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ఒక శస్త్రవైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున ఎవరికైనను అర్ధరాత్రివేళ తీవ్రమైన కడుపునొప్పి వచ్చినచో వారు మొదట తట్టునది మీ యింటి తలుపే. తెల్లవారువరకు ఆగవలెనా, వెంటనే ఆసుపత్రికి పోవలెనా యను నిర్ణయము పెక్కుమార్లు మీ మాటపై ఆధారపడి యుండును. అందుచేత మన పల్లెలలో '24 గంటల నొప్పి' యని పిలుచు వ్యాధిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. వైద్యులు దీనిని అపెండిసైటిస్ అందురు.

ఈ పేరు విని, ఒక దినము ఓర్చుకొన్నచో నొప్పి దానంతట అదియే పోవునని కొందరు తలంతురు. ఇది ప్రమాదకరమైన అపోహ. పొట్టలో కుడివైపున, పెద్దపేగు మొదటి భాగమునకు వానపామువంటి సన్నని గొట్టమొకటి అంటియుండును. దీనిని ఉండుకమందురు. దాని రంధ్రము మూసికొనిపోయినపుడు లోపల సూక్ష్మక్రిములు వృద్ధిచెంది, అది వాచి చీముపట్టును. కొందరిలో ఒకటి రెండు దినములలోనే పగిలి, చీము కడుపులో వ్యాపించి ప్రాణాపాయము కలిగించును.

ఈ వ్యాధిని గుర్తించుటలో వైద్యునికి మొదటి సాధనము యంత్రము కాదు, రోగి చెప్పు వృత్తాంతము. నొప్పి సాధారణముగా బొడ్డు చుట్టును ఆరంభమై, కొన్ని గంటల పిదప పొత్తికడుపు కుడివైపునకు దిగి అచ్చట స్థిరపడును. ఆకలి నశించును. నొప్పి పుట్టిన తరువాత వాంతులు, స్వల్పజ్వరము రావచ్చును. వాంతులు, విరేచనములు ముందు వచ్చి తరువాత నొప్పి పుట్టినచో కారణము వేరొకటి కావచ్చును. కావున ఏది ముందు, ఏది వెనుక అను క్రమము మిక్కిలి ముఖ్యము.

రెండవది చేతి పరీక్ష. కుడి తుంటి ఎముక ముందుకొన నుండి బొడ్డువరకు ఒక గీత ఉన్నట్లు ఊహింపుడు. తుంటివైపు నుండి ఆ గీతలో మూడవవంతు ముగియు చోట వైద్యుడు వ్రేలితో అదుమును. న్యూయార్కు శస్త్రవైద్యుడు మెక్‌బర్నీ 1889లో ఈ స్థానమును వివరించెను. అచ్చట నొప్పి అధికముగా నుండును. అదిమిన చేతిని తీయగానే కలుక్కుమనును. దగ్గినను, బండి కుదిపినను నొప్పి హెచ్చును. ఈ పరీక్ష వైద్యుడే చేయవలెను. ఇరుగుపొరుగువారు మాటిమాటికి కడుపు నొక్కరాదు.

మూడవది ప్రయోగశాల పరీక్ష. రక్తములో తెల్లకణములు సాధారణముగా ఘన మిల్లీమీటరునకు 4,000 నుండి 11,000 వరకు ఉండును. ఈ వ్యాధిలో అవి తరచుగా హెచ్చును. మూత్రపరీక్షవలన మూత్రకోశ వ్యాధుల జాడ తెలియును. బిడ్డలను కను వయస్సులోనున్న స్త్రీలకు గర్భపరీక్ష కూడ చేయవలెను; ఏలయన గర్భాశయమునకు వెలుపల నిలిచిన గర్భము ఇట్టి నొప్పినే కలిగింపవచ్చును. అవసరమైనచో అల్ట్రాసౌండు, సి.టి. స్కాను తోడ్పడును.

1986లో అల్వరాడో అను వైద్యుడు ఈ గుర్తులన్నిటిని కలిపి 10 మార్కుల పట్టిక కూర్చెను. అందులో రక్తపరీక్షకు 3 మార్కులే. తక్కిన 7 మార్కులు రోగి మాటకును, శరీర చిహ్నములకును చెందినవి. కావున రక్తపరీక్ష బాగున్నంతమాత్రమున వ్యాధి లేదనరాదు. పసిపిల్లలలో, వృద్ధులలో, గర్భిణులలో లక్షణములు స్పష్టముగా నుండకపోవచ్చును; వారి విషయమున మరింత జాగరూకత వలయును.

ఒక హెచ్చరిక. తీవ్రమైన నొప్పి హఠాత్తుగా తగ్గుట ఎల్లప్పుడును శుభసూచకము కాదు. ఉండుకము పగిలినపుడును కొంతసేపు ఉపశమనము కలుగవచ్చును. పిదప పొట్ట గట్టిపడి జ్వరము హెచ్చును. నయమైనదని తలంచి రోగిని దారిలోనుండి వెనుకకు మరల్పరాదు.

ఇక మీరు చేయవలసినది. ఆముదము గాని, విరేచనపు మందు గాని ఈయనీయకుడు. కడుపు తోమనీయకుడు, కాపడము పెట్టనీయకుడు, వాతలు వేయనీయకుడు. నోటికేమియు పెట్టక, 108కి ఫోను చేసి, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పంపుడు. నొప్పి ఎన్ని గంటలకు ఎచ్చట పుట్టినది, ఎచ్చటికి మారినది, వాంతులు ఎప్పుడైనవి, ఏ మందులు ఇచ్చిరి, స్త్రీయైనచో చివరి బహిష్టు ఎప్పుడు అను వివరములను ఒక కాగితముపై వ్రాసి రోగి వెంట పంపుడు. ఆ కాగితము వైద్యునికి ఎంతయో తోడ్పడును.

చికిత్సలో ఉండుకమును తొలగించు శస్త్రచికిత్సయే ప్రధానము. వ్యాధి ముదరని కొందరికి ఆసుపత్రి పర్యవేక్షణలో యాంటిబయాటిక్ మందులును ఇచ్చుచున్నారు. ఎవరికేది తగునో వైద్యుడే నిర్ణయించును. మందుల దుకాణమున నిర్ణయించునది కాదు.

రాత్రింబవళ్లు శస్త్రచికిత్స జరుగు సమీప ఆసుపత్రి ఏదో, రాత్రివేళ బండి ఈయగలవారు ఎవరో నేడే విచారించి, పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఇందుకు నిధులు అక్కరలేదు, తీర్మానము చాలును. ఈ వ్యాధిలో కాలమే ప్రాణము. ఆ కాలము వ్యర్థము కాకుండ కాపాడుట మీ చేతిలోనున్నది.