చావుబతుకుల్లో ఉన్న బిడ్డని హాస్టలు గేటు దాటించొద్దు
(అమలాపురంలో జరిగిన సంఘం సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



అక్కలారా, అన్నలారా, రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన పెద్దలారా! నన్ను హాస్టళ్ళ సమస్యల మీద మాట్లాడమన్నారు. మెస్ చార్జీలు, దోమతెరలు, మరుగుదొడ్ల గురించి ప్రతి సభలోనూ మాట్లాడుతున్నాం, ఇంకా మాట్లాడతాం. ఇవాళ మాత్రం మనం ఎప్పుడూ ఎత్తని సంగతొకటి ఎత్తుతున్నాను. నయంకాని జబ్బు చేసిన హాస్టలు బిడ్డ ఆఖరి రోజులు ఎక్కడ గడపాలి? ఎవరి చేతుల్లో పోవాలి?

నా క్లాసులో ఒక కుర్రాడుండేవాడు. పేరు చెప్పను. లంకలో ఊరు. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. మన పేటల్లో ఇది కొత్త కథేం కాదు. తల్లి గల్ఫుకి, పిల్లలు హాస్టలుకి, ఇంటికాడ ముసలమ్మ. ఎనిమిదో తరగతిలో ఉండగా వాడికి మోకాలి పైన వాపొచ్చింది. ఆటల్లో దెబ్బ తగిలిందనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను, ఆ తప్పులో నాకూ వాటా ఉంది. తీరా చూస్తే ఎముక కేన్సర్. ఆరోగ్యశ్రీ కింద పట్నంలో కాలు తీసేరు, మందులెక్కించేరు. ఏడాది తిరక్కుండా ఊపిరితిత్తులకి పాకింది. ఇంక చేసేదేం లేదు, తీసుకెళ్ళిపొమ్మన్నారు.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? వాడు తిన్నగా హాస్టలుకే వచ్చేడు. వాడి ట్రంకుపెట్టె అక్కడుంది, స్నేహితులక్కడున్నారు, అడక్కుండా అన్నం కలిపిపెట్టే వంటమనిషి అక్కడుంది. పది రోజులున్నాడు. పదకొండో రోజు వార్డెను ముసలమ్మని పిలిపించి ఆటో ఎక్కించేశాడు. రేవు దగ్గర వాణ్ణి ఆటోలోంచి పడవలోకి నలుగురం మోసేం. అప్పుడు నన్నడిగేడు: "మేస్టారూ, హాజరు పట్టీలో నా పేరు కొట్టేస్తారా?" కొట్టనన్నాను. కొట్టలేదు.

లంకలో ఆ ఇంట్లో పద్దెనిమిది రోజులు బతికేడు. వాడి కేకలకి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నిద్రపోలేదు. మందంటే పారాసెటమాల్ మాత్రలే. ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆడు బతకడని నాకూ తెల్సు బాబూ. ఆ నొప్పొకటీ తగ్గే మందేదీ లేదాండి?" అంది. లేదమ్మా అన్నాను. డిగ్రీ చదివినవాణ్ణి, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, ఆవిడతో అబద్ధం చెప్పేను. తెలియక చెప్పేను గానీ అబద్ధం అబద్ధమే.

మందుంది. దాని పేరు మార్ఫిన్. నల్లమందులోంచి తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి తప్పనిసరిగా అందాల్సిన మందుల జాబితాలో ఉంది. ఖరీదైనది కూడా కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు సర్కారు లైసెన్సుతో గసగసాల పంట వేస్తారు, ఆ నల్లమందు ఇతర దేశాలకి కూడా పోతుంది. మన లంకకే రాలేదు! 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం కింద ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు కావలసొచ్చేవి. డాక్టర్లు ఆ జోలికే పోయేవారు కాదు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఉంటే చాలు. చట్టం మారినా భయం మారలేదు. అలవాటైపోతుందేమో అంటారు. వారాల్లో పోయే బిడ్డకి అలవాటు గురించి బెంగేమిటండీ? డాక్టరు లెక్క ప్రకారం వేళకి ఇస్తే నొప్పి అదుపులో ఉంటుంది. నొప్పొచ్చాక కాదు, రాకముందే ఇవ్వాలి. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందూ ఇవ్వాలి.

ఇక వార్డెను సంగతి. ఆయన్ని తిట్టడం తేలిక, నేనూ తిట్టేను. ఆయనా మనవాడే. తర్వాత ఒకరోజు టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అడిగితే చెప్పేడు: "హాస్టల్లో పోతే మొదట పేపర్లో నా పేరు, తర్వాత సస్పెన్షను, గేటు ముందు మీ ధర్నా. ఇంటికాడ పోతే ఎవడూ అడగడు కదండీ." నాకు నోట మాట రాలేదు. పాము కరిచి, కలుషితమైన తిండి తిని పిల్లలు పోతే ధర్నా చెయ్యాల్సిందే, అందులో వెనక్కి తగ్గేది లేదు. కానీ బిడ్డ బతికుండగా ఒక్కరోజు వచ్చి పక్కన కూర్చోని సంఘం, శవం లేచాక జెండాలతో వస్తే వార్డెను నేర్చుకునేది ఒకటే. ముందే పంపించెయ్యడం. ఈ మాట మీకు కష్టంగా ఉంటుంది, నాకూ ఉంది.

ఈ కుర్రాడికి నోరుంది కాబట్టి కేకేశాడు. అనాథ గృహాల్లో, మానసిక వికలాంగుల గృహాల్లో మాటరాని పిల్లలుంటారు. వాళ్ళకి ఎంత నొప్పో ఎవరికి తెలుస్తుంది? మొహం ముడుచుకోవడం, తిండి మానెయ్యడం, ముట్టుకుంటే బిగుసుకోవడం, ఇవన్నీ నొప్పి చెప్పే మాటలే. ఆ పిల్లల్ని రోజూ ఎత్తుకునే ఆయమ్మకి డాక్టరు కంటే ముందే తెలుస్తుంది. ఆవిణ్ణి ఎవరూ అడగరు, జీతం కూడా సరిగ్గా ఇవ్వరు.

కేరళలో ఏం చేశారో చూడండి. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో చిన్న క్లినిక్కుగా మొదలైంది. తర్వాత ఊళ్ళలో మామూలు మనుషులు, కూలీలు, టీచర్లు సేవ చెయ్యడం నేర్చుకున్నారు. 2008లో ప్రభుత్వం విధానం ప్రకటించింది, పంచాయతీల ద్వారా నర్సులు ఇళ్ళకి వెళ్తున్నారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఈ ఉపశమన వైద్యం ఉంది. హైదరాబాదు మనకి ఎంత దూరమో మీకు తెలుసు.

మన దగ్గర 2024 నుంచి పూర్తిగా మంచానపడ్డవాళ్ళకి నెలకి 15,000 పింఛనుంది. మంచిదే. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. పద్దెనిమిది రోజుల బిడ్డ సదరం క్యాంపు దాకా ఆగుతాడా?

కొడుకుని మట్టి చేస్తుంటే ఆ తల్లి కువైట్‌లో ఫోన్లో చూసింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది. బాబాసాహెబ్, రమాబాయి అయిదుగురు బిడ్డల్లో నలుగుర్ని పసితనంలోనే పోగొట్టుకున్నారు. రాజరత్న 1926లో పోయాడు. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆ తండ్రి మనకి గుర్తు రాడు.

అందుకని కలెక్టరుగారికి అర్జీ రాశాం, సంతకాలు పెట్టండి. జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్, ఇళ్ళకీ హాస్టళ్ళకీ వెళ్ళే నర్సు ఉండాలి. బిడ్డ హాస్టల్లోనే ఉంటానంటే ఉంచాలి, అయినవాళ్ళొకరికి అక్కడే తిండీ పక్కా ఇవ్వాలి. డాక్టరు ముందే రాసిచ్చిన జబ్బుతో బిడ్డ పోతే వార్డెను మీద వేటు వెయ్యకూడదు. అవును, ఇది మనమే అడుగుతున్నాం. తల్లి పరాయి దేశంలో ఉంటే రాయబార కార్యాలయంతో మాట్లాడి రప్పించే పూచీ జిల్లా యంత్రాంగానిది.

భోజనాలయ్యాక వెళ్ళిపోకండి. నర్సమ్మ ఒకావిడ వచ్చేరు, మన పేట అమ్మాయే. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి మనిషిని ఎలా తిప్పాలో, మింగలేని బిడ్డకి తడిగుడ్డతో నోరు ఎలా తుడవాలో చేసి చూపిస్తారు. బల్ల మీద పడుకోడానికి ఒక కుర్రాడు కావాలి. ఎవరొస్తారు? చేతులెత్తండి.