జ్వరం వచ్చిన పూట

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ (శిశు సంరక్షణ కేంద్రం) ఉండాలన్నారు. శిశు సంరక్షణ చదివి పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీ చదువుకు గిరాకీ పెరిగింది. దాంతోపాటే, బిడ్డకు జబ్బు చేస్తే కేసు మన మీదికొస్తుందేమోనన్న భయమూ పెరిగింది. బిడ్డను దగ్గరగా గమనించేవారే చట్టం ముందూ నిబ్బరంగా నిలబడగలరని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, 12 ఏళ్లలోపు బిడ్డ మేలుకోరి సంరక్షకుల సమ్మతితో, సద్భావంతో చేసిన పనికి రక్షణ ఇస్తుంది. అయితే తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినదాన్ని సద్భావంగా లెక్కించదు. మంచి మనసు ఒక్కటే చాలదన్నమాట. పారాసెటమాల్ సంగతే చూడండి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ ఉంది, 250 ఉండేదీ ఉంది. చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. 125 సిరప్ అనుకుని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే బిడ్డ కడుపులోకి నాలుగింతలు వెళ్తుంది. అందుకే తల్లి రాసిచ్చిన సమ్మతి, సీసా మీద రాసిన మోతాదు, బిడ్డ బరువు, మందు వేసిన వేళ రిజిస్టరుకెక్కాలి. మీరు 4 గంటలకు వేసింది తెలియక తల్లి 6 గంటలకు మళ్లీ వేయకుండా ఆపేది ఆ ఒక్క వరుసే. కోర్టుకు ఎప్పుడో పనికొస్తుందేమో గానీ, బిడ్డకు ఆ సాయంత్రమే పనికొస్తుంది.

ముక్కు కారితే చాలు ఇంటికి పంపేస్తే గొడవే ఉండదు కదా అంటారు కొందరు. అంటు అలా ఆగదు. ఆటలమ్మ పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకుంటుంది, తట్టు నాలుగు రోజుల ముందే. ఆటలమ్మ పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఇంట్లో ఉంచమనడం న్యాయమే. ఆడుతూ తింటూ ఉన్న బిడ్డను జలుబుకు తిప్పి పంపితే మాత్రం తల్లికి ఆ పూట కూలి పోతుంది. మరునాడు ఆమె పొద్దున్నే జ్వరం మందు వేసి, ఆ మాట దాచి దింపి వెళ్తుంది. అప్పుడు మీకు ఏమీ తెలియదు, అసలు ప్రమాదం అక్కడే. ఇక ఫిట్స్ వచ్చినా, ఎగశ్వాస పట్టినా, మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా తల్లి వచ్చేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ సంస్థలో పనిచేసేవారు తెలిసీ బిడ్డను నిర్లక్ష్యం చేస్తే ఐదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఊరుకున్నా తప్పేనని దీనర్థం.

ఇంతమంది పిల్లల మధ్య రిజిస్టరు రాసే తీరిక ఎక్కడిదన్న ప్రశ్నలో నిజముంది. ఆ తీరిక కల్పించడం యాజమాన్యం బాధ్యత. ఉద్యోగంలో చేరే రోజు జీతంతోపాటు ఈ మూడూ అడగండి: ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు, మందుల రిజిస్టరు ఎక్కడుంది, దగ్గరలో ఏ ఆసుపత్రి ఉంది.