కెంట్‌మియర్ బురుజు



ఇంగ్లండు ఉత్తర భాగమున, కెంటు నది పుట్టెడి కొండలోయలో, కెంట్‌మియర్ అను చిన్న గ్రామము కలదు. అచ్చట గొఱ్ఱెలు మేయు పచ్చిక నడుమ ఒక రైతు యిల్లు, దానిని ఆనుకొని ఒక శిథిలమైన రాతి బురుజు కనబడును. ఆ యింటి పేరు కెంట్‌మియర్ హాలు. పల్లెలలో పాత బురుజులను చూచినవారికి దాని ప్రయోజనము చెప్పనక్కరలేదు. మనవి తఱచుగా గుండ్రనివి, అది నలుచదరము.

ఆ బురుజు పదునాలుగవ శతాబ్దపుది. 1314లో బానక్‌బర్న్ యుద్ధమున స్కాట్లండు రాజు రాబర్టు బ్రూసు గెలిచిన పిమ్మట, ఉత్తర ఇంగ్లండు పల్లెలపై దండులు పదేపదే వచ్చి పడెను. పశువులను తోలుకొనిపోవుట, గాదెలను తగులబెట్టుట వాని పని. రాజుగారి సైన్యము ఎక్కడనో దూరమున నుండెడిది. కావున కలవారు తమ యింటనే కోట కట్టుకొనిరి. ఇట్టి బురుజులకు గోడలు మిక్కిలి మందము. నిప్పు పెట్టినను మంట పైకి ప్రాకకుండ క్రింది గదికి రాతి కమాను కప్పు వేసెడివారు. మనుష్యులు పై అంతస్తులలో తలదాచుకొనెడివారు. బురుజు కట్టుకొనలేని పేదవాని గతి ఏమన్నది చరిత్రలో అంతగా వ్రాయబడలేదు.

భయముచే కట్టిన ఆ యింట 1517లో బెర్నార్డు గిల్పిన్ జన్మించెను. ఆయన డర్హాము ప్రాంతమున హౌటన్ అను ఊరి మతగురువై, 1574లో అచ్చట ఒక పాఠశాల నెలకొల్పెను. ఏటేట సరిహద్దు దొంగల లోయలకు ఆయుధము లేకయే పోయి బోధించెడివాడు. ఒక చర్చిలో ఎవడో ద్వంద్వయుద్ధమునకు పిలుపుగా చేతితొడుగు వ్రేలాడగట్టెనట. దానిని తీయుటకు అచ్చటి సేవకుడు వెఱచెను. గిల్పిన్ తానే దానిని తీసివైచి, పగలు మానుడని అచ్చటనే బోధించెనని ఆయన జీవితచరిత్ర చెప్పును. దొంగలు ముట్టని ఆ మనిషిని ముదిమిలో డర్హాము సంతలో ఒక ఎద్దు క్రుమ్మి పడవైచెను. పిదప ఆయన కోలుకొననే లేదు.

1603లో స్కాట్లండు రాజైన జేమ్సు ఇంగ్లండునకును రాజయ్యెను. సరిహద్దు దోపిళ్లు క్రమముగా అణగెను. ఇక బురుజుతో పని యేమి? ఆ సీమలో కొన్ని బురుజుల రాళ్లు కొట్టములకును, దడి గోడలకును పోయినవి. కెంట్‌మియర్‌లో మాత్రము కాపురము బురుజు ప్రక్క యింటనే సాగినది. బురుజును అట్లే నిలిచినది. ఇంటికి కప్పు కలదు, బురుజు మీద ఆకాశమే కలదు.