ఎవరి కోసం లెక్కపెడుతున్నాం?

(చెన్నైలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగం)



మీలో కొందరు ఇక్కడి ఓఎంఆర్ కంపెనీల్లో యాప్‌లు, గేమ్‌లు తయారుచేస్తున్నారు. గేమ్‌కి అనలిటిక్స్ ప్లగిన్ జోడించడం మీకు చిన్న పని. అప్పటినుంచి ఎవరు ఎంతసేపు ఆడారు, ఏ లెవెల్‌లో ఆగిపోయారు, ఏ ఫోన్ వాడారు అన్నీ సర్వర్‌కు చేరతాయి. కష్టమైన లెవెల్‌ని సరిచేయడానికి అది ఉపయోగమే. మరి తప్పెక్కడ?

బైబిల్లో రెండు రకాల లెక్కలు కనిపిస్తాయి. దావీదు రాజు తన యోధులెందరో చూసుకోవాలని జనసంఖ్య తీయించాడు. యోవాబు వద్దన్నా వినలేదు. ఆ తర్వాత మనస్సు నొచ్చుకొని పశ్చాత్తాపపడ్డాడు. ప్రభువు చెప్పిన ఉపమానంలో కాపరికీ తన మంద లెక్క తెలుసు. అందుకే నూరింటిలో ఒకటి తప్పిపోయిందని గుర్తించి వెదకడానికి వెళ్లాడు.

రాత్రి రెండింటికి ఇంకా ఆడుతున్న ఒక పిల్లవాడు మీ డాష్‌బోర్డులో కేవలం ఒక గీత. వ్యాపారం ఆ గీత చూసి సంతోషిస్తుంది, ఇంకో నోటిఫికేషన్ పంపమంటుంది. కాపరి చూస్తే తప్పిపోతున్న గొర్రెపిల్ల కనిపిస్తుంది.

ఆ ఫోను ఇళ్లలో పనిచేసే తల్లిది కావచ్చు. ఇంగ్లిషులో ఉన్న "అంగీకరిస్తున్నాను" బటన్ నొక్కింది పిల్లవాడు. అది అనుమతి అవుతుందా?

మన దేశంలో పుట్టిన ఇన్‌మొబి సంస్థ 2016లో అమెరికాలో 9,50,000 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. యాప్‌లలో చేర్చే దాని ప్రకటనల సాఫ్ట్‌వేర్, అనుమతి లేకుండా పిల్లలతో సహా ఎంతోమంది ఎక్కడున్నారో కనిపెట్టిందన్నది అభియోగం. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వారి ప్రవర్తనపై నిఘా పెట్టకూడదు. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. పూర్తి అమలుకు 18 నెలల గడువు ఉంది.

గడువు కోసం ఆగకండి. సోమవారం ఆఫీసులో మూడు ప్రశ్నలు అడగండి. అనుమతి రాకముందే మన ప్లగిన్ డేటా పంపుతోందా? ప్రకటనల ఐడీ మనకు నిజంగా అవసరమా? ఈ డేటాను ఎప్పుడు చెరిపేస్తాం? చాలా ప్లగిన్లలో సేకరణను ఆపే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని వెతికి చూడండి.

"మేనేజర్ వింటాడా అన్నా?" అని మీరడగవచ్చు. యోవాబు మాటా రాజు వినలేదు. అయినా అతడు చెప్పాడు. మీరూ చెప్పండి.

దేవుడు మీకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.