గుర్తు ఎక్కడ నిలువవలెను?

సింగరాయకొండనుండి ఒక లారీ మిరపకాయలతో గుంటూరు యార్డునకు బయలుదేరినదనుకొందము. ఒక ఊరివి 20 బస్తాలు, వేఱొక ఊరివి 30 బస్తాలు; బస్తాకు 40 కిలోలు. మొత్తము బరువెంత? “ఇరువదియు ముప్పదియు కలిపి, నలుబదిచే హెచ్చవేయుము” అని మన పెద్దలు చెప్పుదురు. ఫలము 2000 కిలోలు. తెలుగున సంఖ్యలు ముందు, చేయవలసిన పని పిదప; కావున సందేహమునకు తావులేదు.

దానినే తొందరపాటున 20 + 30 * 40 అని వ్రాసి కంప్యూటరునకిచ్చినచో 1220 అనును. 780 కిలోల సరుకు మాయమయ్యెను! తప్పు యంత్రమునది కాదు. నడుమ నిలిచిన గుర్తులు రెండును 30ని చెఱియొక వైపునకు లాగుచున్నవి. ఎవరి బలము హెచ్చో ముందే నిర్ణయింపవలెను.

1990లో వెలువడిన హాస్కెల్, ప్రమేయములే ప్రధానముగాగల భాష. అందు నడిమి గుర్తుల బలమునకు 0 మొదలు 9 వఱకు అంకెలు కలవు. కూడికకు 6, హెచ్చవేతకు 7. మనము క్రొత్తగుర్తును కల్పించి దాని బలము చెప్పకున్నచో, భాష దానికి 9 ఇచ్చును. అది తక్కిన గుర్తుల సంఖ్యలను తానే లాగుకొనును.

గుర్తును ముందుంచినచో ఈ పెనుగులాట లేదు. పోలండు తర్కవేత్త యాన్ లుకాసెవిచ్ 1924లో ఈ మార్గమును కనుగొనెను. * + 20 30 40 అన్నచో కుండలీకరణము లేకయే 2000 వచ్చును. హాస్కెల్‌లోను (+) 20 30 అని గుర్తును ముందుంచవచ్చును. పేరుగల ప్రమేయమును వెనుకకు వాలిన చిన్నగీతల నడుమ బంధించి, సంఖ్యల మధ్యకు తేవచ్చును.

ఒక్క తీసివేత గుర్తే చిక్కు కలిగించును. అది నడుమ నిలిచిన తీసివేత, ముందు నిలిచిన ఋణసంఖ్య. ఆబ్స్ -5 అని వ్రాసినచో, ఆబ్స్ అను ప్రమేయమునుండి 5 తీసివేయుమన్నట్లు గ్రహించి భాష నిరాకరించును. ఆబ్స్ (-5) అని వ్రాయవలెను.

కాబట్టి విద్యార్థులకు మేము చెప్పునది ఇంతే: గుర్తు ఎచ్చట నిలిచినను పని ఒక్కటే; అది ఏ సంఖ్యలను పట్టుకొనునో మీకు స్పష్టముగా తెలియవలెను. సందేహము కలిగినచో కుండలీకరణము వేయుడు. రెండు గీతల శ్రమకు రైతు బరువు దక్కును.